ఇరవై మూడో నంబరు గేదె

తాడేపల్లిగూడెం
12 జూన్ 1936

బావగారికి,

మీ బావమరిది దేవరాజు రాస్తున్నాడు. సువర్ణక్కకీ, సారమ్మత్తకీ నా వందనాలు చెప్పండి. మీకు వేరే చెప్పక్కర్లేదు, చదువుతున్నప్పుడే అందేసుకుని ఉంటారు.

ముందు శుభవార్త. మీకు ఒక గేదెని పంపిస్తున్నాను. కంగారు పడకండి, దొంగిలించలేదు. మా యజమాని కామేశ్వరరావుగారే ఇచ్చారు. ఇక్కడ పాడి ఫారంలో నలభై గేదెలున్నాయి. పేర్లు లేవు. చెవికి ఇత్తడి బిళ్ళ, బిళ్ళమీద నంబరు. ఇది ఇరవై మూడో నంబరు. పోయిన నెల్లో, ఎనిమిదో నెల చూడితో ఉండగా దూడని పడేసింది. నిరుడూ అంతేనట. "ఇది మన కొట్టానికి అచ్చిరాలేదురా దేవరాజూ, నువ్వు తోలుకుపో" అన్నారు. దూడ పోయినా పాలు మాత్రం పూటకి రెండు శేర్లిస్తోంది.

ఆయనమీద నాకు కోపంలేని రోజు లేదు. ఆ ఒక్క రోజూ మాత్రం మనసారా దండం పెట్టాను. అక్కకి నాలుగో నెల కదా. మీ కొల్లేటికోటలో చేపలకి కొదవలేదు గానీ పాలెక్కడివి? అక్కచేత రోజూ తెల్లారేసరికి, పొదుగు దగ్గరే, చెంబుడు గుమ్మపాలు తాగించండి. నురగ చావకుండా తాగాలి. కాస్తే బలం పోతుంది. మేం కూడా పితుకుతూ పితుకుతూ ఒక ధార నోట్లోకి వేసుకుంటాం. కొట్టంలో అది మా హక్కు. గుమాస్తా రామమూర్తి కూడా దానికి అడ్డుచెప్పలేడు.

మొన్నటిదాకా నా ఒళ్ళు బాగాలేదు, ఇప్పుడు బాగుంది. పది రోజులపాటు సాయంత్రం నాలుగయ్యేసరికి వణుకు, జ్వరం. చీకటి పడ్డాక చెమట, చొక్కా పిండితే చెంబు నిండేది. పొద్దున్నకి మళ్ళీ రాయిలా లేచేవాణ్ణి. "పనిదొంగకి పని వేళకే జ్వరమొస్తుంది" అన్నాడు రామమూర్తి, సాయంత్రం పాలు పితికే వేళ అదే కదా. వాణ్ణి ఒక్క పూట గేదె కింద కూర్చోబెట్టాలని ఉంది. ఏ వైపు కూర్చోబెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

గేదెని మా కొట్టంలోనే పనిచేసే అహరోనన్న నడిపించుకొస్తాడు. ఆయన అత్తవారిది మీ అవతలి లంకే. నేలమీద కూర్చోలేడు, అన్నం పెట్టేటప్పుడు బల్ల వెయ్యండి. ఈ కొట్టంలో అయిదేళ్ళు దాటినవాళ్ళందరి నడుములూ అంతే. దాన్ని కొట్టంవాతం అంటారు. జీతంతోపాటు వచ్చేది అదొక్కటే.

నా రాతలో తప్పులుంటే మీరు దిద్దనక్కర్లేదు. మీ బడిలో మూడో తరగతిలో మీరు నన్ను బెంచీ ఎక్కించారు. దిగినవాణ్ణి దిగినట్టే బయటికి నడిచాను. తరవాత చదువంతా పకోడీ పొట్లాల కాయితాల మీద నేర్చుకున్నది.

దేవరాజు


కొల్లేటికోట మిషన్ బడి
26 జూన్ 1936

చిరంజీవి దేవరాజును దీవించి, ఉపాధ్యాయుడు వరదానము వ్రాయునది.

నీ ఉత్తరము అందినది. ముప్పదియొక్క తప్పులు. ఎఱ్ఱసిరాతో దిద్ది దీనితో పంపుచున్నాను. నూటికి ఇరువదియెనిమిది మార్కులు.

గేదె కూడా అందినది. దానికి మార్కులు వేయవలసివచ్చిన నూటికి నూరు. దోనెకి కట్టి తెద్దామంటే ఆ మహాతల్లి ససేమిరా అని, తాడు తెంపుకుని, సరస్సులో తానే ఈదుకుంటూ వచ్చి రేవులో నిలబడింది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చారు. మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీసింది. క్రైస్తవుల ఇంట్లో దిష్టేమిటే అమ్మా అని నేను మందలిస్తే, "గేదె క్రైస్తవురాలు కాదు కదరా" అంది. అందుచేత వెంటనే రిబ్కా అని పేరు పెట్టాను. చెవి బిళ్ళ తీసేశాము.

గుమ్మపాలు నీవు చెప్పినట్లే జరుగుచున్నవి. మా అమ్మే స్వయంగా పితికి, చెంబు సువర్ణ చేతికిచ్చి, తాగేదాకా వాకిట్లో నిలబడుతున్నది. నీ అక్క ముఖం చంద్రబింబములా తయారైనది. నేను మాత్రం ఒక్క చుక్క ముట్టను. గర్భిణి నోటిదగ్గర పాలు ఆశించేవాడు పురుషుడా?

ఇక నీ జ్వరము. దాని కారణము అహరోను నాకు చెప్పినాడు, బల్లమీద కూర్చుని, రెండుసార్లు చేపల పులుసు వడ్డించుకుని. మీ కొట్టంలో పేడకళ్ళెత్తే ప్రభావతి అను పిల్ల సాయంత్రం నాలుగింటికి పనిలోకి వస్తుందట. నీకు నాలుగింటికే వణుకట. ఇంకేమి కావలెను? సిగ్గుపడకు. పిల్ల ఏ సంఘము? తండ్రి ఏమి చేయును? వివరముగా, తప్పులు లేకుండా వ్రాయుము.

వరదానము


తాడేపల్లిగూడెం
11 జులై 1936

బావగారికి,

మీరు దిద్దిన నా ఉత్తరం నాకు మళ్ళీ అందింది. ఎర్రసిరా చూసి మా పాకలో వాళ్ళు నామీద కోర్టు కాయితం వచ్చిందనుకున్నారు.

ప్రభావతి సంగతి ముందు తేల్చేస్తాను. ఆ పిల్లకీ జ్వరమే. ఆమెకీ నాలుగింటికే. మేమిద్దరం రోజూ ఎదురుపడేది వణుకుతూ. నిన్న ఆమె "నీకు ఎన్నో రోజు?" అంది. "రెండో విడత, ఆరో రోజు" అన్నాను. "నాకు మూడో విడత" అంది, ఏదో పెద్ద ఉద్యోగం ఉన్నట్టు. ఇంతే మా మధ్య సంభాషణ. అహరోనన్నకి పులుసు పోసినవాళ్ళకల్లా కథ చెప్పే అలవాటుంది.

అవును, జ్వరం మళ్ళీ వచ్చింది. మూడు వారాలకి పైగా పోయి, తిరిగొచ్చింది. మోకాళ్ళలో ఎవరో మేకులు దిగేస్తున్నట్టుంది. పదకొండుమంది పాలవాళ్ళలో ఆరుగురికి ఇదే. పోయిన పదిహేను రోజుల్లో నాలుగు గేదెలు దూడల్ని పడేశాయి. పడేసినప్పుడల్లా మావి దిగదు. మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగాలి. లాగేది ఎవరు? నేను. నా చెయ్యి సన్నంగా ఉంటుందట. నా ఒంట్లో యజమానికి నచ్చింది అదొక్కటే.

మొన్న పశువుల డాక్టరుగారిని పిలిపించారు. ఆయన దగ్గర జ్వరం చూసే గాజుపుల్ల ఉంది. ముప్పైతొమ్మిది గేదెలకీ వరసగా చూశారు. అప్పటికి నాలుగైంది. "అయ్యా, నాకూ ఒకసారి చూడండి" అన్నాను. మంచాయన, పుల్ల తుడిచి ఇవ్వబోయారు. అంతసేపూ అది గేదెలకి ఎటువైపు పెడుతున్నారో చూసినవాణ్ణి కనక వద్దన్నాను.

ఆయన చూసి, "ఇది అంటురోగం, ఒక గేదెనుంచి ఇంకో గేదెకి పాకుతుంది" అన్నారు. దూడ పడేసినదాన్ని వేరే కట్టాలట. పడిన దూడనీ మావినీ సున్నంవేసి లోతుగా పాతాలట.

"పాతేది ఎవరండీ?" అన్నాను.

"ఇంకెవరు, నువ్వే" అన్నాడు రామమూర్తి.

"చేతుల్తోనా?"

"కాదు, తలతో."

"మరి మాకు అంటదాండీ?" అని డాక్టరుగారినే అడిగాను. ఆయన గాజుపుల్ల పెట్టెలో పెట్టుకుంటూ, "నాది పశువుల శాఖ" అన్నారు. అబద్ధమాడలేదు పాపం. కానీ చూడండి బావగారూ, గేదెకి జ్వరమొస్తే చూడ్డానికి ఒక శాఖ ఉంది, నంబరు ఉంది, పుస్తకంలో గీత ఉంది. గేదెగా పుట్టాల్సింది.

అక్క ఆరోగ్యం రాయండి. పాలు ఆపకండి.

దేవరాజు


కొల్లేటికోట మిషన్ బడి
23 జులై 1936

చిరంజీవి దేవరాజుకు,

నీ ఉత్తరము చదివి మేమందరము ఆనందించితిమి. "మేమిద్దరం రోజూ ఎదురుపడేది వణుకుతూ" అను వాక్యము మా అమ్మకు మూడుసార్లు చదివి వినిపించవలసివచ్చినది. "పిల్లాడు బాగా ముదిరాడు" అన్నది. తప్పులు ఇరువదియేడు, మార్కులు ముప్పదినాలుగు. ప్రేమ మనిషిని ఎంత బాగుచేయునో నీ మార్కులే సాక్ష్యము.

మిగిలిన ఫిర్యాదులకు నా సలహా. యజమానిమీద సణుగుట మానుము. గేదె జబ్బు గేదెది, మనిషి జబ్బు మనిషిది. దేవుడు వేరువేరుగా సృష్టించినవాటి రోగములు కలిసిపోవునా? మా బడిలో పిల్లలు కూడా ఈ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పుదురు. మా అమ్మ మిరియాల కషాయపు పొడి పంపుచున్నది. తాగిన వెంటనే పోవును.

రిబ్కా ఇప్పుడు ఊరికే పెద్ద. బాలింతలు, ముసలివాళ్ళు చెంబులు పట్టుకుని వచ్చుచున్నారు గాని మా అమ్మ "మా కోడలి కడుపు నిండినాక చూద్దాం" అని పంపివేయుచున్నది. సువర్ణ కడుపు ఎంత పెద్దదో గాని చెంబు రోజూ ఖాళీగానే తిరిగివచ్చుచున్నది. నేనైతే ఒక్క చుక్క ముట్టను.

సరస్సు పెరుగుచున్నది. టపా దోనె రెండు రోజులకొకసారే వచ్చుచున్నది.

వరదానము


ఏలూరు, ఆస్పత్రి మెట్ల మీద
5 ఆగస్టు 1936

బావగారూ,

దండాలూ దీవెనలూ తరవాత. ఈ ఉత్తరం అందిన క్షణం రిబ్కా పాలు ఆపండి. అక్క చేతిలో చెంబుంటే లాక్కోండి. తరవాత కూర్చుని చదవండి.

అత్తమ్మ కషాయం తాగిన మర్నాడే జ్వరం పోయింది. ఆవిడకి పేరొచ్చింది. ఎనిమిదో రోజున తిరిగొచ్చింది. ఇంక లాభంలేదని రైలెక్కి ఏలూరు వచ్చాను. మొదటి డాక్టరు క్వినైన్ ఇచ్చాడు. జ్వరం పోలేదు గానీ రెండు రోజులు చెవుల్లో రైలు కూత వినబడింది. రెండో డాక్టరు దోమలున్నాయా అని అడిగాడు. కొల్లేటి మనిషిని దోమలున్నాయా అని అడగడం, చేపని తడిగా ఉందా అని అడగడం. మూడో ఆయన ముసలాయన, కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు. నాడి పట్టుకుని, "ఏం పని చేస్తావు నాయనా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం, పనివాడికి మందివ్వరా?" అన్నాను.

"ఇస్తాను. పనేమిటో చెప్పు."

"పాలు పితుకుతాను. మావి లాగుతాను. చచ్చిన దూడల్ని పాతుతాను. చాలా?"

ఆయన నా చేతులు తిప్పి చూశాడు. వేళ్ళ దగ్గర చీలికలున్నాయి. "దూడలు నెల నిండకుండా పడిపోతున్నాయా?" అన్నాడు. మా కొట్టం సంగతి మీకెట్లా తెలుసండీ అంటే, "నీ జ్వరం చెబుతోంది" అన్నాడు. ఇది గేదెలనుంచి మనుషులకొచ్చే జ్వరమట. పోతుంది, వస్తుంది, పోతుంది, వస్తుంది. నెలలు పడుతుందట. కొట్టంవాతం కూడా ఇదేనట. చేతి చీలికల్లోంచి పోతుంది. పచ్చిపాలల్లోంచి పోతుంది. సరైన మందు లేదు, పడుకోవడమే మందట. రక్తం తీసి చెన్నపట్నం పంపారు.

బావగారూ, నన్ను ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏం తిన్నావన్నారు, ఎవరిని చూసి వణికావన్నారు. ఏం పని చేస్తావని అడిగింది ఈయనొక్కడే.

"పచ్చిపాలు" అనగానే నాకు ఇరవై మూడు గుర్తొచ్చింది. రెండుసార్లు దూడ పడేసిన గేదె. దాన్ని నేనే పంపాను. కాచొద్దని నా చేత్తోనే రాశాను. "కడుపుతో ఉన్నావిడ తాగితే?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కాచమని వెంటనే రాయి" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు భయంగా ఉంది.

గేదెని ఇంటికి దూరంగా కట్టండి. పాలు రెండు పొంగులు వచ్చేదాకా కాచండి. పితికినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అక్కకి ఒక్క సాయంత్రమైనా ఒళ్ళు వెచ్చబడిందేమో రాయండి. వెంటనే రాయండి.

దేవరాజు


కొల్లేటికోట మిషన్ బడి
18 ఆగస్టు 1936

దేవరాజుకు,

టపా దోనె గాలికి తిరగబడి నీ ఉత్తరము పన్నెండు రోజులకు చేరినది, సగము తడిసి. తడవనిభాగములో ఇరువదిరెండు తప్పులు. కాని నేడు మార్కులు వేయు మనస్సు లేదు.

ఇచ్చిన బహుమానమును వెనుకకు తీసుకొనదలచినప్పుడు సూటిగా అడుగవచ్చును. ఇంత కథ అల్లనక్కరలేదు. మాకు అర్థమైనది. ప్రభావతి తండ్రి గేదెను అడిగియుండును. అడుగుటలో తప్పులేదు. కాని "మీ గేదె రోగిష్టిది, దూరముగా కట్టుడు" అని వ్రాసి, మేము విసిగి వదిలించుకొందుమని ఎదురుచూచుట, ఇది నేను నేర్పిన చదువు కాదు.

మా అమ్మ రిబ్కా మెడ పట్టుకుని ఏడ్చింది. "నోరులేనిదాన్ని పట్టుకుని ఎంత మాటన్నాడే!" అని. పైగా పాలు కాచాలట! కాచిన పాలు చచ్చిన పాలని మా అమ్మ, ఆమె అమ్మ, ఆమె అమ్మ చెప్పగా వచ్చిన మాట. బైబిలు వాక్యములో ఎక్కడనూ పాలు కాచుకొని త్రాగుడని నాకు కనబడలేదు. నిన్నరాత్రి వెదికితిని.

సువర్ణ శుభ్రంగా ఉన్నది. ఎప్పుడూ ఇంత కళగా లేదు. ఇదే నీ మాట అబద్ధమనుటకు సాక్ష్యము. నీ ఉత్తరము ఆమెకు చూపలేదు, గర్భిణిని బెదరించుట ఎందుకని.

నాకే నాలుగు రోజులుగా సాయంత్రపు పూట కొంచెము నలతగానున్నది. తరగతి వదిలేసరికి ఒళ్ళు జలదరించుచున్నది. కొల్లేటి గాలి. నడుము కూడా పట్టివేసినది. కుర్చీ మార్చవలెను.

వరదానము


తాడేపల్లిగూడెం
24 ఆగస్టు 1936

బావా,

"గారు" ఇవాళ లేదు. వేరే కాయితంమీద రాసి పెట్టుకున్నాను, మీకు బుద్ధొచ్చాక పంపిస్తాను.

సాయంత్రం ఎన్ని గంటలకి జలదరిస్తోంది? నాలుగింటికి కాదూ? రాత్రి చొక్కా పిండితే చెంబు నిండటంలేదూ? పొద్దున్న లేచి ఏమీ జరగనట్టు పిల్లల్ని బెంచీలు ఎక్కించడంలేదూ? అది కొల్లేటి గాలి కాదు. అది ఇరవై మూడో నంబరు. మీరు పాలు తాగుతున్నారు! ఒక్క చుక్క ముట్టనన్నవారు! నిజం చెప్పండి, నేను మార్కులు వెయ్యను.

ప్రభావతి తండ్రి గేదెనడిగాడా? ఆయన మూడేళ్ళ కిందట చచ్చిపోయాడు. ఈ కొట్టంలోనే పనిచేసేవాడు. నడుం వంగక, జ్వరం పోతూ వస్తూ, చివరికి ఎముకలగూడై పోయాడు. అందరూ వాతమన్నారు. చనిపోయినవాళ్ళకి గేదెలెందుకు బావా?

రక్తం జవాబు చెన్నపట్నంనుంచి వచ్చింది. అదే జ్వరం. ముసలి డాక్టరు కాయితంమీద రాసిచ్చాడు. ఆ కాయితం తీసుకెళ్ళి రామమూర్తికి చూపించాను. "ఇంగ్లీషులో ఉంది కనక నిజమే అయ్యుంటుంది, అయినా పని ఆగదు" అన్నాడు. సరే, మేమే ఆపుతామన్నాం. మొన్న పొద్దున పదకొండుమందిమీ గేదెల దగ్గరికి వెళ్ళాం, దండంపెట్టి వెనక్కొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాం. అడిగింది మూడే. చేతులకి సబ్బు. పాతేవాడికి పార, సున్నం. జ్వరమొచ్చినవాడికి పడుకోవడానికి సెలవు. ఎనిమిది గంటలయ్యేసరికి ముప్పైతొమ్మిది గేదెలు పొదుగులు సలిపి అరిచిన అరుపు రైలుస్టేషన్లో వినబడిందట. పితకమని రామమూర్తికి చెంబిచ్చాం. ఏ వైపు కూర్చోవాలో నేనే చూపించాను. గేదె తన్నింది.

సబ్బూ, పారా, సున్నమూ వచ్చాయి. సెలవు మాత్రం "ఆలోచిస్తాం" అన్నారు.

ఇదంతా నాకు సంతోషంగా లేదు. అక్క గురించి ఒక్క ముక్క సరిగ్గా రాయండి. ఇంకా తాగుతోందా? నేను వద్దామంటే పరిగెత్తడానికి మోకాళ్ళు లేవు. ఇరవై ఏళ్ళొచ్చాయి నాకు, గేటుదాకా కర్రపట్టుకు నడుస్తున్నాను. అక్కకేమన్నా అయితే దానికి కారణం జ్వరం కాదు, యజమాని కాదు, నేను. జన్మలో ఒక్కసారి ఆయన్ని మెచ్చుకున్నాను, ఆ ఒక్కసారే ఇలా అయింది.

అక్కకి ఈ ఉత్తరం చూపించండి. ఆవిడకి చదువొచ్చు. మీకంటే బాగా వచ్చు.

దేవరాజు


కొల్లేటికోట
2 సెప్టెంబరు 1936

తమ్ముడూ దేవా,

అక్క రాస్తున్నాను. మీ బావ పక్కమీదున్నారు, ఒంటిమీద మూడు దుప్పట్లు. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాననుకుంటున్నారు. ఆయన చెప్పేది "కొల్లేటి గాలి వలన సంభవించిన స్వల్ప అస్వస్థత" అని. నేను రాసేది వేరు.

నీ ఉత్తరాలు రెండూ నిన్న దొరికాయి, బడి రిజిష్టరులో. రెండూ చదివి, ముందు ఏడ్చాను. తరవాత నవ్వాను. తరవాత మీ బావని చూసి మళ్ళీ ఏడ్చాను.

ఒరే పిచ్చివాడా, ఆ గేదె పాలు నేను ఒక్క చుక్క తాగలేదురా. చిన్నప్పుడు అమ్మ పచ్చిపాలు పడితే నీ చొక్కామీదే కక్కాను, మర్చిపోయావా? మొదటి రోజు అత్తగారు చెంబు చేతిలోపెట్టి, గుమ్మంలో సెంట్రీలా నిలబడ్డారు. వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. నువ్వు పంపిన గేదె, నువ్వూ నొచ్చుకుంటావు. నేను గదిలోకి తీసుకెళ్ళి తలుపు చాటున మీ బావకిచ్చాను. "పారబొయ్యండి" అన్నాను. ఆయన చెంబుకేసి చూసి, "పారబొయ్యడం పాపం సువర్ణా" అన్నారు. ఆ రోజునుంచీ రోజూ అదే. ఆయన గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, వాకిట్లోకొచ్చి మా అత్తగారితో "ఎంత కళ వచ్చిందో చూశావా!" అని నా మొహం చూపించేవారు. ఆ కళ, పాలు తాగకుండా తప్పించుకున్న కళ.

"ఒక్క చుక్క ముట్టను" అని నీకు రాసేటప్పుడు పక్కనే ఖాళీ చెంబు ఉంది. నేను చూశాను.

నాకు ఒళ్ళు ఒక్క పూట వెచ్చబడలేదు. నువ్వు హాయిగా పడుకో. మజ్జిగ తాగాను గానీ అది కాచి తోడుపెట్టిన పాలదే.

ఇవాళ పొద్దున నేనే రిబ్కాని కరివేపచెట్టు అవతల కట్టించాను. అత్తగారికి సంగతంతా చెప్పాను. ఆవిడ విని, చేతిలో చెంబు బోర్లించి పెట్టారు. ఆ తరవాత మీ బావ మంచం దగ్గరికెళ్ళి, "నీకు ఎన్నో నెలరా?" అని అడిగారు. ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నారు.

ఇప్పుడు ఏం రాశావో చదవమంటున్నారు. "స్వల్ప అస్వస్థత" అని చదివాను.

ఈయనకేం చెయ్యాలో చెప్పు. నాలుగవుతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి.

నీ అక్క
సువర్ణ


తాడేపల్లిగూడెం
10 సెప్టెంబరు 1936

బావగారికి,

దాచిన "గారు" తిరిగి ఇచ్చేస్తున్నాను. అక్క ఉత్తరం రైలుకట్ట మీద కూర్చుని చదివాను. నన్నెవరో ఎత్తి నిలబెట్టినట్టయింది. కర్ర అక్కడే మర్చిపోయి వచ్చి, సగం దారిలో మళ్ళీ వెనక్కెళ్ళి తెచ్చుకున్నాను.

మీకు చెయ్యాల్సింది ఏమీ లేదు. పడుకోవాలి. పోయిందని లేవకూడదు. దీని మాయంతా అదే, పోయినట్టు పోతుంది. నీళ్ళు బాగా తాగండి. మనుషులనుంచి మనుషులకి మామూలుగా రాదట, కాబట్టి అక్క మీ పక్కన ఉండొచ్చు. కాస్త తగ్గాక ఏలూరులో ముసలి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏం పని చేస్తారని అడిగితే కోప్పడకండి.

ఇక్కడ సెలవు వచ్చింది! ఎలాగో చెబితే నమ్మరు. కామేశ్వరరావుగారు కూడా రోజూ ఉదయం వెండి గ్లాసుతో గుమ్మపాలు తాగుతారు, ఒంటికి మంచిదని. పోయిన వారం నాలుగింటికి ఆయన వణికారు. మర్నాడూ నాలుగింటికే. మూడోనాటికి బెజవాడనుంచి కారులో డాక్టరొచ్చాడు. ఇప్పుడు పాలు కాచడానికి ఇంతెత్తు రాగి గంగాళం, చేతులకి మందు నీళ్ళు, దూడలు పాతడానికి ఊరిబయట గొయ్యి, జ్వరమొచ్చినవాడికి జీతంతో సెలవు. మాకొస్తే వాతం, ఆయనకొస్తే రోగం. ఆ ఇంటిమీదుగా పోతూ వింటే, ఆయన లోపల మూలుగుతూ "నా మోకాళ్ళలో మేకులు దిగుతున్నాయర్రా" అంటున్నారు. ఆ మాట నాది. అప్పిచ్చినట్టనిపించింది.

ప్రభావతి కూడా సెలవులో ఉంది. మొన్న ఇద్దరం ఒకే అరుగుమీద కూర్చున్నాం, వణక్కుండా. వణుకు లేకపోతే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.

దేవరాజు


కొల్లేటికోట
18 నవంబరు 1936

ఒరే దేవరాజూ,

గ్రాంథికం రాసే ఓపిక లేదు. పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కిందికి జారితే సర్దుకో.

ఏలూరు వెళ్ళొచ్చాను. నీ ముసలి డాక్టరు అడిగాడు, ఏం పని చేస్తారని. ఉపాధ్యాయుణ్ణన్నాను. "పశువులతో ఏమైనా సంబంధముందా?" అన్నాడు. "ఉందండీ, బావమరిది" అన్నాను. ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు కింద పడేసుకున్నాడు. మళ్ళీ దారం కట్టించింది నేనే.

ఆ రోజు పడవలో తిరిగొస్తూ, నీకు తిప్పిపంపిన మొదటిది తప్ప నీ ఉత్తరాలన్నీ వరసగా చదివాను. ఎర్రసిరా గీతలన్నీ నావే. ముప్పయ్యొకటి, ఇరవయ్యేడు, ఇరవయ్యిరెండు. ప్రతి తప్పూ చూశానురా, ఉత్తరం ఒక్కటీ చూడలేదు. ఆగస్టు ఇరవై నాలుగుదానిలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టలేదు. దాన్ని దిద్దితే కోపం చెడిపోతుంది. అలాగే ఉంచాను.

మా అమ్మ ఇప్పుడు పాలు మూడు పొంగులు రానిచ్చి, దించి, నమ్మకం చాలక మళ్ళీ ఎక్కిస్తోంది. అవి పాలో కోవానో తెలియకుండా ఉన్నాయి. చెంబులు పట్టుకొచ్చినవాళ్ళకి వాకిట్లోనే పాఠం చెబుతోంది. "మా అబ్బాయి తాగి చూశాడమ్మా, వద్దు" అని. ఊళ్ళో నా ఉద్యోగం ఇప్పుడిదే.

అసలు సంగతి చివర రాస్తున్నాను.

నిన్న సువర్ణకి నొప్పులొచ్చాయి. మంత్రసాని, అమ్మా లోపల. నేను వరండాలో కుర్చీలో. మధ్యాహ్నం గడిచింది. ఆ తలుపు వెనకాల ఎన్ని చెంబులు తాగానో, అవన్నీ ఆమె తాగి ఉంటే అనే లెక్క ఒక్కటే బుర్రలో తిరిగింది. నువ్వు ఆస్పత్రి మెట్లమీద కూర్చున్నప్పుడు నీకు ఎలా ఉందో అప్పుడు తెలిసింది. మూడయింది. మూడున్నరయింది. బడి గంట నాలుగు కొట్టింది. చేతులు వణకడం మొదలైంది. వచ్చిందిరా జ్వరం, సరిగ్గా ఈ వేళకే రావాలా అని తిట్టుకుంటున్నాను. లోపల్నుంచి ఏడుపు వినబడింది. చిన్న ఏడుపు కాదు, నీ గొంతు.

ఆడపిల్ల. నెలలు నిండి, బరువుగా పుట్టింది. అక్క బాగుంది, నవ్వుతోంది.

అమ్మ బయటికొచ్చి నా నుదురు తాకి చూసింది. చల్లగా ఉందట. మరి వణికినదెందుకురా అంది.

నువ్వు ప్రభావతిని తీసుకుని పిల్లని చూడ్డానికి రా. ఇద్దరూ చేతులు కడుక్కుని ఎత్తుకోవాలి. రేవులో రిబ్కా కనిపిస్తే దూరంనుంచే పలకరించు.

నీ బావ
వరదానం